మూలప్రతి యనగానేమి?

వర్ణచిత్రము లోకమున నొక్కటియే యుండును. దానిని జూచి వ్రాసినవన్నియు నకళ్లు. ఛాయాచిత్రమట్లు గాదు. నెగెటివు ఒక్కటి యున్నచో నెన్ని ప్రతులనైనను దింపవచ్చును. అన్నియు నొక తల్లి బిడ్డలే. అట్లయ్యు నందొకదానికి వేలకొలది డాలర్లు పలుకుటయు, వేఱొకదానికి పటము కట్టించిన కూలియైనను రాకుండుటయు న్యాయమా?

ఒక్క యుదాహరణమును గైకొందము. 1948 జూన్ 13వ తేదీన న్యూయార్కు నగరమందలి యాంకీ స్టేడియమున బేబ్ రూతు అను బేస్‌బాలు వీరుడు 3వ సంఖ్యగల తన చొక్కాను కడసారి తొడిగికొని, బ్యాటును చేతికఱ్ఱగా నూతగొని నిలిచెను. రాచపుండు ఆతని నప్పటికే కృశింపజేసియుండెను. పెక్కుమంది ఫొటోగ్రాఫరులు ముఖము కొఱకు నెదుట గుమిగూడగా, హెరాల్డు ట్రిబ్యూను పత్రికవాడగు నాట్ ఫైను వెనుకకు బోయి యా వంగిన వీపును తీసెను. ఆగస్టు 16వ తేదీన రూతు మరణించెను. 1949లో నా చిత్రమునకు పులిట్జరు బహుమానము వచ్చెను. నాటినుండి దాని ప్రతులు లెక్కకు మిక్కిలిగా బయలుదేఱినవి.

అమెరికా సేకరణకర్తలు ఇట్టి ప్రతులను నాలుగు తరగతులుగా విభజించిరి. మూల నెగెటివునుండి, చిత్రము తీసిన యించుమించు రెండేండ్లలో దింపినది మొదటిది. అదే నెగెటివునుండి తరువాత దింపినది రెండవది. నకలు నెగెటివునుండి గాని తంతిమార్గమున వచ్చిన బొమ్మనుండి గాని యా గడువులోపల దింపినది మూడవది. గడువు దాటినది నాల్గవది. ఈ రెండేండ్లును మనుష్యులు గీచిన గీతయే. ఇరువదిమూడవ నెలకును ఇరువదియైదవ నెలకును గల భేదమును ఏ రసాయనమును జెప్పజాలదు.

పరీక్షలు లేకపోలేదు. 1950వ దశకము మొదలుకొని ఫొటో కాగితములలో తెల్లదనమునకై యొక ద్రవ్యమును గలుపసాగిరి. అల్ట్రావయొలెట్ దీపము క్రింద నట్టి కాగితము నీలిదెలుపుగా వెలుగును. వెలిగినచో నది 1948 నాటిది కాదనవచ్చును. వెలుగనిచో నప్పటిదే యని రుజువైనట్లా? కాదు, ఆ ద్రవ్యము లేని కాగితములు తరువాతను వాడుకలో నున్నవి. భూతద్దమున చుక్కలు కనబడినచో నది అచ్చుయంత్రపు బొమ్మ. నకలునుండి తీసిన నకలున సన్నని వివరములు అలుకుకొనిపోవును. నల్లని భాగముల యంచులందు వెండి పైకితేలి మెఱయుట వయస్సునకు గుర్తే గాని జన్మపత్రిక గాదు. వెనుకనున్న పత్రిక ముద్రయు, తేదీయు, అంటించిన వివరణచీటియు మిక్కిలి యుపకరించును; అయినను రబ్బరు ముద్ర చేయించుట యెంత పని?

బొమ్మ యొక్కటియే యైనప్పుడు కన్నులకు భేదమేమని కొందఱందురు. కన్నులకు భేదము లేదనియే మేమును ఒప్పుకొందుము. బొమ్మ మాత్రమే కావలసినవానికి పుస్తకములోని పుట చాలును. అంత వెల యిచ్చువాడు కోరునది, రూతు ఇంకను బ్రతికియుండగనో, మరణవార్త యింకను పచ్చిగా నుండగనో చీకటిగదిలో తడిసి యారిన కాగితము. అది యొక సాక్షి. తరువాత బుట్టిన ప్రతి దోషి గాదు. దానిని ఆనాడు అక్కడనున్నదని చెప్పుటయే దోషము.

ఇంతకంటె చిక్కైన సంగతి యొకటి గలదు. "నే నెఱుగను, ఉన్నదున్నట్లు అమ్ముచున్నాను" అను వర్తకుడు అబద్ధమాడినాడా? తాత పెట్టెలో దొరికిన పటమును అమ్ముకొను గృహిణి యా మాట యన్నచో నామెను నిందింపరాదు. ఈ వ్యాపారముననే జీవించుచు, దీపము చేతనుండియు వెలిగింపనివాని మాట వేఱు. వెలిగించిన వెల తగ్గునని యాతనికి దెలియును. ఆ యజ్ఞానము పెంచి పోషించుకొన్నది. దానిని మేము అసత్యముతో సమానముగానే యెంతుము. కొన్నవారిలోను నిట్టివారున్నారు: పటము విప్పి వెనుకభాగము చూచుటకు జంకుదురు!

"మూల నెగెటివునుండి దింపినది, దింపిన కాలము నిర్ణయింపబడలేదు" అని చీటీ వ్రాయుట కష్టమేమియు గాదు. తరువాతి కాలపు కాగితముపై ఫైను స్వయముగా సంతకము చేసిన ప్రతులును గలవు. సంతకము నిజమైనది, కాగితము వెనుకటిది గాదు. ఆ రెండును చెప్పి యమ్మినప్పుడు కొన్నవారు సంతోషముగనే కొనుచున్నారు.