పరిత్యాగ పత్రము తరువాత

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము, 2 రాజులు 4:1-7



వాక్యము చెప్పుటకు ముందు మేము ఒక తప్పు ఒప్పుకోవలసియున్నది. మహారాష్ట్రలోని మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. పదహారేండ్ల కాపురము, ఇద్దరు పిల్లలు. భర్త ఉద్యోగము మారి వేరే ఊరిలో ఉన్నాడనే ఆమెయు, మేమును అనుకొన్నాము. ఒకనాడు కోర్టునుండి కాగితము వచ్చింది. ఆమె మరాఠీ చక్కగా మాట్లాడును గాని చదవలేదు. ఆ కాగితమును సంఘ పెద్దలకు తెచ్చి చూపించినప్పుడు, "బైబిలులో పెట్టుకొని ప్రార్థించమ్మా, దేవుడు అతని మనస్సు మార్చును" అన్నాము. మూడు శుక్రవారములు ఉపవాస ప్రార్థనలు పెట్టాము. వాయిదా ఏ తేదీన అని మాలో ఒక్కరును అడగలేదు. తేదీ దాటిపోయింది. ఆమె హాజరు కానందున ఎక్స్‌పార్టీగా విడాకులు మంజూరైనవి.

ప్రార్థించినందుకు మేము సిగ్గుపడుటలేదు. ఆ కాగితము ఎవరిచేతనైనను చదివించలేదే, అందుకు సిగ్గుపడుచున్నాము.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమును మన సంఘములలో తెరచునది విడాకులు తగునా తగదా అని వాదించుటకే. మొదటి నాలుగు వచనములు చదివి పుస్తకము మూసివేస్తాము. దీనినిగూర్చి ప్రభువు మత్తయి సువార్త 19లో చెప్పినది మనకు తెలియును. వివాహమునుగూర్చి మన బోధ మారలేదు. అయితే అధ్యాయము అక్కడ ఆగలేదు. ఆరవ వచనములో తిరగలి మాట వచ్చును. దానిని తాకట్టు పట్టువాడు మనిషి జీవనమునే పట్టుకొన్నట్లు ధర్మశాస్త్రము ఎంచుచున్నది. ఆ తరువాత, అప్పిచ్చినవాడు ఇంటిలోనికి చొరబడరాదు, బయటనే నిలువవలెను. విధవరాలి వస్త్రము తాకట్టు పట్టరాదు. చివరకు పొలములో మరచిన పన, ఒలీవ చెట్టున మిగిలిన పండ్లు, ద్రాక్షతోటలో పరిగె. పరిత్యాగ పత్రముతో మొదలైన అధ్యాయము దిక్కులేనివారి తిండితో ముగియుచున్నది. పత్రము చేతపట్టుకొని గడప దాటిన స్త్రీ మరునాడు ఏమి తినునని మనము అడగలేదు గాని, ఆ అధ్యాయమంతయు చదివినవారికి ఆ ప్రశ్న తప్పదని మాకు తోచుచున్నది.

మా సహోదరి తిరగలి కుట్టుమిషను. చీరలకు ఫాల్, పీకో కుట్టి పిల్లల ఫీజులు కట్టుచుండెను. భర్త తీసుకొన్న అప్పుకు ఆమె జామీను సంతకము చేసియున్నది; ఏ కాగితమో తెలియక చేసినదే. విడాకులతో జామీను రద్దు కాదు. ఆయన కట్టుట మానగానే వసూలుచేయువారు ఈమె ఇంటికి వచ్చి మిషను మీద కన్ను వేశారు.

2 రాజులు 4లోని స్త్రీ సంగతియు ఇదే. భర్త పోయెను, అప్పు మిగిలెను, అప్పులవాడు ఇద్దరు కుమారులను తీసికొనిపోవుటకు వచ్చెను. ఎలీషా ఆమెను ఓదార్చుటకంటె ముందు, ఇంటిలో ఏమున్నదని అడిగెను. మేము అడగని ప్రశ్న అదే.

ఆలస్యముగానైనను అడిగాము. మా స్త్రీల సమాజములో బ్యాంకు ఉద్యోగము చేసి రిటైరైన అక్కగారు ఒకరున్నారు. ఆమె ఆ యింటికి వెళ్లి తలుపు మూసి ట్రంకుపెట్టె తెరిపించారు. కుదువపెట్టిన నగల రసీదు, కట్టని ఎల్‌.ఐ.సి. పాలసీ, ఇద్దరి పేరున ఉన్న బ్యాంకు పుస్తకము, జామీను పత్రము. ఒక నోటుబుక్కులో అప్పులు ఒకవైపు, ఉన్నవి మరొకవైపు వ్రాశారు. ఉన్నవాటిలో ఇంకను పాడని చీటీ ఒకటి తేలింది. సహోదరి దానిని లెక్కలోనే పెట్టుకోలేదు! ఆ చీటీ పాడి వచ్చిన సొమ్ముతో నగలు విడిపించలేదు. మొదట జామీను అప్పులో కొంత కట్టి, మిగతాది వాయిదాలకు వ్రాయించుకొన్నారు. తన పేరున వేరే ఖాతా తెరచి, నామినీగా తల్లిని వ్రాయించుకొన్నది. నగలకంటె మిషను ముఖ్యమని అక్కగారు అన్న మాట కొందరికి రుచించలేదు గాని, మేము ఆమె పక్షమే.

చట్టము సంగతి కూడ మన సహోదరీలకు తెలియవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద స్త్రీకి, ఆదాయము ఎంతైనను, ఉచితముగా వకీలును పెట్టుదురు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇయ్యవలెను. విడాకులైనను, మరల వివాహము చేసికొనక, తన్ను తాను పోషించుకొనలేని స్త్రీ మనోవర్తి అడుగవచ్చును. పూర్వము 125వ సెక్షను అనేవారు, 2024 జూలై 1 నుండి క్రొత్త చట్టములో అది 144వ సెక్షను. 2020లో సుప్రీంకోర్టు, ఇరువురును ఆస్తి అప్పుల వివరములు ప్రమాణపత్రముగా దాఖలు చేయవలెననియు, మనోవర్తి అర్జీ పెట్టిన తేదీనుండి ఇయ్యవలెననియు చెప్పియున్నది. గనుక ఆలస్యము చేయుట నష్టము. ఎక్స్‌పార్టీ తీర్పును రద్దుచేయమని అడుగుటకును గడువు కొద్ది దినములే.

ఆ విధవరాలి నూనె ఎంతవరకు పారెను? పొరుగువారిచ్చిన వట్టి పాత్రలున్నంతవరకే. ఎక్కువ పాత్రలు అడుగుమని ప్రవక్త ముందే చెప్పెను. మా సంఘములో కొందరు చీరలు ఇచ్చారు కుట్టుటకు, దానముగా కాదు, కూలి ఇచ్చి. ఒక తమ్ముడు మరాఠీ కాగితములు చదివిపెట్టాడు. వసూలువారు వచ్చినప్పుడు ఇద్దరు పెద్దలు గుమ్మము దగ్గర నిలువబడ్డారు. అయితే ఇయ్యని పాత్రలును ఉన్నవి. సండేస్కూలులో ఆమెను బోధించనియ్యవద్దన్నవారు ఉన్నారు. వార్షిక సభలో కానుకలిచ్చినవారి పేర్లు చదువుట మా వాడుక. ఆ యేడు ఆమె పేరుకు ఎదుట ఏమియు లేదు, ఆమె తల వంచుకొనుట అందరమును చూశాము. మరుసటి యేటినుండి పేర్లు చదువుట మానివేశాము.

భార్య విడిచిపోయిన సహోదరులును మనలో ఉన్నారు. వారు ఇల్లు చక్కబెట్టుకొనలేక, ఆ మాట ఎవరితోను చెప్పుకొనలేక ఆరాధనకు వచ్చుట మానుదురు. వారి ఇంటికి కూడ ఎవరో ఒకరు వెళ్లవలెను.

ఆమె జామీను అప్పుకు ఇంకను పదకొండు వాయిదాలున్నవి. మనోవర్తి అర్జీ కోర్టులో నడుచుచున్నది. ఈమారు ప్రతి వాయిదాకు స్త్రీల సమాజమునుండి ఇద్దరు తోడు వెళ్లుచున్నారు. నెలలో రెండవ ఆదివారము ఆరాధన తరువాత అక్కగారును, ఆ తమ్ముడును వెనుక గదిలో కూర్చుందురు. బ్యాంకుదైనను, కోర్టుదైనను, చదువరాని కాగితము ఏదైనను తీసుకొని రండి. బయట ఎవరితోను చెప్పరు.