రెండే సీట్లున్న కారు

ఆడవాళ్ళు కొనుక్కునే ప్రతి వస్తువు వెనకాల ఒక సంజాయిషీ ఉంటుంది. స్కూటీ కొంటే ఆఫీసుకి టైముకి చేరడానికి. వాషింగ్ మెషిన్ కొంటే నడుంనొప్పికి. బంగారం కొంటే రేపు పిల్ల పెళ్ళికి. చివరికి మనం పుస్తకాలు కొనుక్కున్నా ‘రీసెర్చికి కావాలి’ అంటాం. ఊరికే, నాకిష్టమై కొనుక్కున్నాను అని చెప్పే ధైర్యం మనలో ఎంతమందికుంది? నలుగురికీ పనికొచ్చేదైతేనే ఆడదాని కోరిక న్యాయమైన కోరిక. తన ఒళ్ళు తప్ప ఇంకెవరూ అనుభవించని సుఖాన్ని కోరుకుంటే అది స్వార్థం, లేదా పొగరు, లేదా పిచ్చి.

ఈ మాట ఎందుకెత్తానంటే కొంతకాలంగా నన్నొక ప్రశ్న వదలడం లేదు. బొత్తిగా పనికిరానిది, విపరీతమైన ఖరీదున్నది అయిన ఒక వస్తువుని ఒక స్త్రీ తన సొంత సంపాదనతో కొనుక్కుంటే దాన్ని స్వేచ్ఛ అనాలా, దుబారా అనాలా? నా ప్రశ్నలోని వస్తువు లంబోర్గిని కారు. కొన్నది మా పెద్దమ్మ కూతురు.

మాది ప్రకాశం జిల్లా, దర్శి పక్కన ముండ్లమూరు. పేరులోనే ముళ్ళున్న ఊరు. 2024 డిసెంబరులో వరుసగా భూమి కంపించినప్పుడు తప్ప మా ఊరి పేరు టీవీల్లో విన్న గుర్తు నాకు లేదు. అక్క అక్కడే పుట్టి, దర్శిలో ఇంటర్ చదివి, ఇరవై ఏళ్ళుగా డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. నలభై అయిదో ఏట సెకండ్ హ్యాండ్‌లో ఒక హురకాన్ కొనుక్కుంది. సగం దాచుకున్న డబ్బు, సగం అప్పు. ఫోటో చూసి మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. “ఇద్దరే కూర్చునేదేందే? మరి పిల్లల్ని యాడ కూర్చోబెడతది?” అంది. అక్కకి పిల్లల్లేరనీ, పెళ్ళి నిలవలేదనీ అమ్మకి తెలుసు. అయినా అడిగింది. ఎందుకంటే అమ్మ దృష్టిలో బండి అంటే పదిమందిని మోసేది. ఆడది కొన్న బండయితే మరీను.

2023 వేసవిలో ఒక సదస్సు కోసం వెళ్ళినప్పుడు అక్క నాకా కారు నడపడానికిచ్చింది. పది సిలిండర్ల ఇంజను, 5.2 లీటర్లు, 610 హార్స్‌పవర్. ఇంజను ముందు ఉండదు, మన వీపు వెనకాల ఉంటుంది. కూర్చుంటే నేలమీద చాప వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. పక్కనుంచి వెళ్ళే లారీ చక్రం మన భుజం ఎత్తున తిరుగుతుంది. వెనకేముందో సరిగ్గా కనబడదు. ఆక్సిలరేటర్ మీద కాలు కొంచెం బరువుపెడితే చాలు, శబ్దం చెవికంటే ముందు వెన్నెముకకి తెలుస్తుంది.

వేగం గురించి మగవాళ్ళు రాసింది చాలా చదివాను. అధికారం, జయించడం, లొంగదీసుకోవడం... ఎక్కువగా ఆ భాషే. నాకు కలిగిన అనుభవం అది కాదు. ఆ ఇరవై నిమిషాలూ నా ధ్యాస చీలలేదు. అంతే. వంట చేస్తూ ఫోన్ మాట్లాడుతూ, పేపర్లు దిద్దుతూ కుక్కర్ కూతలు లెక్కపెడుతూ, రాస్తూ కాలింగ్ బెల్ కోసం ఒక చెవి అటు వేసి ఉంచి బతకడం మనకెంత అలవాటో! ఆ కారులో చేతులు, కళ్ళు, కాళ్ళు, వీపు అన్నీ ఒక్క పని మీదే ఉండాలి. నా దేహం మొత్తం నా ఒక్కదానికే పనిచేస్తున్న అనుభూతి అది. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, చాలా బాగుంది.

అయితే నడపడం వేరు, సొంతం చేసుకోవడం వేరు. ఈ తేడా అక్క మాటల్లోనే నాకు అర్థమైంది. కారుకీ నేలకీ మధ్య జానెడు ఎడం కూడా లేదు కాబట్టి ఏ వాలు ఎక్కాలన్నా ముందు భాగం గీసుకుంటుందని భయం. షాపుకెళ్తే ఎక్కడో దూరంగా ఖాళీగా ఉన్నచోట పెట్టి నడిచి రావాలి. టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్సు... దేని ఖర్చయినా మామూలు కారుకి ఎన్నో రెట్లు. “దీని చాకిరీ చెయ్యలేక చస్తన్నానే. పురిటి బిడ్డకైనా ఇంత సేవ అక్కర్లేదు” అని నవ్వింది. దానికున్న శక్తిలో మూడోవంతు వాడుకోవడానికి కూడా మామూలు రోడ్డు మీద చోటులేదు. తక్కినదంతా ఉందని తెలుసుకుంటూ ఉండటమే.

అన్నిటికంటే ఆమెని విసిగించేది ఇంకొకటి. పెట్రోలు బంకులో ఆగితే ఎవరో ఒకరు వచ్చి “మీవారిదా?” అంటారు. మనవాళ్ళ ఫంక్షన్లలో అయితే “మీవారేం చేస్తారండీ?” అని ఆరాగా అడుగుతారు. ఆమె చేతిలో తాళం, ఆమె పేరున కాగితాలు. అయినా ఆ కారుకి ఒక మగవాణ్ణి వెతికిపెట్టకపోతే చూసేవాళ్ళకి నిద్రపట్టదు. “నాదే అని చెప్పడం కోసమే దీన్ని కొన్నట్టుంది” అంది అక్క.

రాసే స్త్రీలమైన మనకి ఈ కథ పూర్తిగా కొత్తదేం కాదు. ఫ్రెంచి రచయిత్రి ఫ్రాన్స్వాజ్ సగాన్ పద్దెనిమిదేళ్ళ వయసులో రాసిన నవల ‘బోన్‌జూర్ ట్రిస్టెస్’ 1954లో వచ్చింది. ఆ రాయల్టీతో ఆమె జాగ్వార్ కొనుక్కుంది. 1957లో ఆస్టన్ మార్టిన్ నడుపుతూ ఘోరమైన ప్రమాదంలో చావు దాకా వెళ్ళింది. నొప్పికిచ్చిన మందులకి అలవాటుపడిపోయింది. అయినా వేగం మీద మమకారం చావలేదు, 1984లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో దానికొక అధ్యాయమే ఇచ్చింది. వర్జీనియా వుల్ఫ్ 1927లో ‘టు ది లైట్‌హౌస్’ డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ సింగర్ కారు కొనుక్కుంది. కొన్ని పాఠాలు నేర్చుకుని డ్రైవింగ్ వదిలేసింది, నడిపింది లెనార్డే. స్త్రీకి తనదైన గది కావాలని ఆమె రాసింది ఆ తర్వాత రెండేళ్ళకి. గది గురించి మనం ఎన్ని సెమినార్లు పెట్టుకున్నాం! కారు గురించి ఒక్కటీ పెట్టుకోలేదు. గది లోపలికి వెళ్ళి తలుపేసుకునేది, దానికి లోకం కాస్త అలవాటు పడింది. కారు బయటికి పోయేది. ఆడవాళ్ళకి డ్రైవింగ్ హక్కు సౌదీ అరేబియాలో 2018 జూన్ దాకా లేదంటే ఆ భయం ఎంత లోతైనదో ఊహించవచ్చు.

మగవాళ్ళ విషయంలో ఈ సంజాయిషీల గొడవ లేదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. ఆరో నిజాం తయారుచేయించుకున్నది, లోపల సింహాసనంలాంటి ఎత్తు సీటు. ఆర్డరిచ్చిన నిజాం కారు చేతికందకముందే 1911లో చనిపోయాడు. అది తిరిగిన దూరం చాలా తక్కువ. తిరగడానికి చేయించింది కాదు మరి, కనబడటానికి చేయించింది. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన లంబోర్గిని ఉరుస్ కోసం 9999 నంబరుని 17 లక్షలకి వేలంలో పాడుకుంటే అభిమానులు మురిసిపోయారు. 2024 ఏప్రిల్లో హైదరాబాద్ శివారు పహాడీషరీఫ్ దగ్గర డబ్బు లావాదేవీల తగాదాలో 2009 మోడల్ లంబోర్గినిని పెట్రోలు పోసి తగలబెట్టారు. సింహాసనం, నంబరు, మంట... మూడింటిలోనూ కారు అనేది మగవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునే మాట. ఎవరూ ‘దీనివల్ల ఎవరికి ఉపయోగం?’ అని అడగలేదు. అందుకే అక్క కారుని ఎవరైనా దుబారా అంటే నాకు వెంటనే కోపం వస్తుంది.

కానీ కోపం సమాధానం కాదు. లెక్క కూడా చూడాలి. హురకాన్ ఈవో 2019లో మన దేశంలో విడుదలైనప్పుడు దాని ధర 3 కోట్ల 73 లక్షలు. ఆంధ్రలో 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకి 300 రూపాయలు, కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని. అంటే ఆ కారు ధర ఒక కుటుంబానికి 1243 ఏళ్ళ ఉపాధి కూలి. ఈ లెక్కని నేను అక్కని బాధపెట్టడానికి వెయ్యలేదు. మా ఊళ్ళో నాతో చదివిన ఆడపిల్లల్లో కొందరు ఇవాళ మిరపకోతలకి వెళ్తున్నారు కాబట్టి వేశాను.

లంబోర్గిని చరిత్రలో నన్ను ఆకర్షించిన విషయం ఒకటుంది. ఫెరూచియో లంబోర్గిని ఇటలీలో రైతు కుటుంబంలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిగిలిపోయిన సైనిక వాహనాల సామానుతో ట్రాక్టర్లు చెయ్యడం మొదలుపెట్టాడు. 1948లో ట్రాక్టర్ల కంపెనీ, 1963లో కార్ల కంపెనీ. అంటే మా అక్క కారుకి ట్రాక్టర్ పెద్దక్క. ఆ పెద్దక్క మాకు బాగా తెలుసు. మా ఊళ్ళో మిరపకాయలు, పొగాకు, కూలిజనం అన్నీ ట్రాక్టర్ మీదే కదులుతాయి. డ్రైవర్ సీటులో మాత్రం ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు. ఆడవాళ్ళు ట్రాలీలో ఉంటారు.

2020 మే 14న మా జిల్లాలోనే నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిరపకోతలయ్యాక కూలీల్ని ఇళ్ళకి తీసుకొస్తున్న ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. తీగలు మీదపడి కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. నడిపే చెయ్యి వాళ్ళది కాదు, ఎంత వేగంతో పోవాలో వాళ్ళనెవరూ అడగరు. అక్క కారులో నేను అనుభవించిన ధ్యాసకీ ట్రాలీలో ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడటానికీ ఉన్న దూరం డబ్బు ఒక్కటే కొలవలేదు.

ఇక్కడ ఒక తేలికైన సమాధానం దొరుకుతుంది. ఆ కారులో విలువైనదంతా నడపడంలో ఉంది, ఆ ఏకాగ్రత ఏ పాత మారుతి కారులోనైనా, ఆ మాటకొస్తే ట్రాక్టర్ మీదైనా దొరుకుతుంది, కోట్లు పోసేది ఎదుటివాళ్ళ చూపు కోసం, కాబట్టి నడపడాన్ని ఉంచుకుని సొంతాన్ని వదిలేద్దాం... అని. కొన్నాళ్ళు నేనలాగే అనుకున్నాను. ఫోన్లో అక్కతో అంటే ఆమె ఒప్పుకోలేదు. “చూపు అంత తేలికంటావేందే? పాతికేళ్ళు ఆ మీటింగుల్లో నన్ను చూడకుండా నా పక్కనోడితో మాట్లాడారు. ఇప్పుడు రోడ్డు మీద తల తిప్పి చూస్తన్నారు. అది తప్పయితే ఆ తప్పు నాకు కావాలి” అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది. “నీ కూలిలెక్క మన మామయ్యల మేడల మీద ఎప్పుడన్నా ఏశావా? చీమకుర్తి గ్రానైటు బంగళాల మీద ఏశావా? నా కారు మీదే ఎందుకేశావు?”

నిజమే. ఆడదాని సుఖం దగ్గరికి వచ్చేసరికి మనందరికీ పేదవాళ్ళు గుర్తొస్తారు. పొదుపు, త్యాగం, సమానత్వం అన్నీ ఆమె ఇంటి గుమ్మంలోనే మొదలవ్వాలంటాం. మగవాడి బంగళా ప్రకృతిసిద్ధం, ఆడదాని కారు నైతిక సమస్య! ఈ వివక్షని గుర్తించకుండా దుబారా గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అయినా వివక్ష ఉందని చెప్పినంత మాత్రాన లెక్క చెరిగిపోదు. మామయ్యల మేడల మీద వేసినా, అక్క కారు మీద వేసినా 1243 ఏళ్ళు 1243 ఏళ్ళే. నేను చెయ్యగలిగింది ఆ లెక్కని రెండుచోట్లా వెయ్యడం. సుఖం కోరుకోవడానికి స్త్రీ ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరికీ పనికిరాని సుఖమైనా సరే, రెండే సీట్లున్నా సరే, ఆ రెండో సీటు ఖాళీగా ఉన్నా సరే. అయితే కోరికకీ ఆస్తికీ తేడా ఉంది. కోరిక ఒక్క దేహంలో పుడుతుంది. ఆస్తి ఎంతోమంది దేహాల్లోంచి వస్తుంది. అదెక్కణ్ణించి వచ్చిందన్న ప్రశ్న ఆడామగా తేడా లేకుండా అందరికీ చెందుతుంది. రోడ్డు కూడా అంతే, అందరిదీ. నా వేగానికి అంచున నడిచిపోయే మనిషి ఎంత జడుసుకోవాలి అన్నది నేనొక్కదాన్నే తేల్చుకునే విషయం కాదు.

స్త్రీవాదం మనకి ‘నాది’ అనే మాట నేర్పింది. ఆ మాట నోరారా అనగలగడానికి మన ముందుతరాల స్త్రీలు ఎంత పోరాడారో మన పత్రికల్లోనే చదువుకున్నాం. అక్క పెట్రోలు బంకులో నిలబడి “నాదే” అన్నప్పుడు ఆ పోరాటం ఫలితం కొంత ఆమె గొంతులో ఉంది. ట్రాలీలో నిలబడ్డ స్త్రీకి మాత్రం బండే కాదు, బ్రేకు కూడా తనది కాదు. ఆమెకి స్టీరింగ్ దక్కే దారి గురించి మాట్లాడకుండా అక్క స్వేచ్ఛ గురించి మాత్రమే సంతోషించడం నాకు చేతకావడం లేదు. అలాగని అక్క సంతోషాన్ని ఆమెనుంచి లాక్కుంటే ట్రాలీలో ఆమెకి ఒరిగేదీ ఏమీ లేదు.

ఈ మధ్య అక్క మళ్ళీ ఫోన్ చేసింది. సంక్రాంతికి ఊరొస్తుందట. “కారు తేలేను గానీ, మీ ఊళ్ళో నాకు ట్రాక్టర్ నేర్పేవాళ్ళెవరన్నా ఉన్నారేమో కనుక్కో” అంది. కనుక్కుంటున్నాను. ఇంతవరకు అడిగిన ముగ్గురూ నవ్వారు.