అక్షరదోషమును దిద్దుట సేవయగునా?

మహాకార్యమునకు తోడ్పడగోరువాడు తానును మహత్తరమైన పనియే చేయవలెనా, కంటబడిన చిన్న లోపమును సరిచేసినను చాలునా అన్నది పాత ప్రశ్నయే. ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ దానిని కంప్యూటర్ల లోకమున మరల లేవనెత్తినది. ఇట్టి సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనను చదువవచ్చును, వాడుకొనవచ్చును, మార్చవచ్చును. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఇట్టిదే. అయితే ప్రోగ్రాము ఎంత గొప్పదైనను, దానిని వాడు విధమును తెలుపు డాక్యుమెంటేషన్, అనగా వివరణ పత్రములు, సరిగా లేనిచో క్రొత్తవానికి అది తాళము వేసిన ఇల్లే.

ఈ పత్రములలోని లోపములు తరచుగా అజ్ఞానము వలన గాక, అతిపరిచయము వలన పుట్టును. ప్రోగ్రామును రచించినవాడు మూడవ మెట్టు చెప్పి ఐదవదానికి పోవును. నాలుగవది అతని వ్రేళ్ళకు అలవాటై మనస్సును దాటిపోయినది. కమాండులో ఒక అడ్డుగీత లోపించినను అతని కన్ను దానిని ఉన్నట్లే చదువును. ప్రోగ్రాము మారిన పిదపను పత్రము పాతమాటనే చెప్పుచుండును. ఆ లోటు తడబడినవానికే తెలియును. అతనికైనను ఎన్నాళ్ళు? పది దినములు వాడినచో దారి అలవడి, తానెక్కడ తడబడెనో తానే మరచును. కావున ఈ దిద్దుబాటుకు తగినవాడు పండితుడు కాడు, నిన్న వచ్చినవాడు. “నేనెంతవాడను” అని అతడు వెనుదీయుట వినయమువలె తోచును గాని, వెనుక వచ్చువాడు ఆ చోటనే పడుటకు అది కారణమగుచున్నది.

టెక్ అను అక్షరకూర్పు ప్రోగ్రామును, దాని వివరణ గ్రంథమును రచించిన డొనాల్డ్ క్నూత్, తన పుస్తకములలో దోషమును మొదట చూపినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపుట ఆచారముగా పెట్టుకొనెను. అచ్చుతప్పయినను శాస్త్రదోషమైనను వెల ఒక్కటే! పెక్కుమంది ఆ చెక్కును బ్యాంకులో మార్చుకొనక భద్రపరచుకొనిరి. 2008 నుండి చెక్కులకు బదులు ఒక కల్పిత బ్యాంకు పేర ధ్రువపత్రములు వచ్చుచున్నవి. అయినను వాటి గౌరవము తగ్గలేదు.

అట్లని చిన్నదగుటయే సుగుణము కాదు. 2020 అక్టోబరులో డిజిటల్‌ఓషన్ సంస్థ నడిపిన హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, నాలుగు సవరణలు పంపినవారికి టీషర్టు బహుమానమని ప్రకటించిరి. అంతట వివరణ పత్రములలో అక్కరలేని విశేషణమొకటి చేర్చి దానినే సవరణగా పంపినవారు కుప్పలుతెప్పలుగా బయలుదేరిరి. ప్రతి ప్రతిపాదనను ఒక మనిషి తెరచి, చదివి, ఔనో కాదో చెప్పవలెను. ఆ నిర్వాహకులలో అనేకులు జీతము లేక పనిచేయువారు. వారి మొర విని, సమ్మతించిన ప్రాజెక్టులకే సవరణలు లెక్కకు వచ్చునట్లు నిర్వాహక సంస్థ కొలదిదినములలోనే నియమము మార్చెను.

రెండుచోట్లను మారినది ఒకటి రెండు మాటలే. ఒకదానిచే చదువరికి ఒక గంట మిగులును. మరియొకదానిచే నిర్వాహకుని గంట ఖర్చగును. ఈ తేడా సవరణ పొడవులో కానరాదు. అర్థమును చెరచు కామాను దిద్దుట వేరు, తన అభిరుచికి నచ్చని వాక్యమును తిరగవ్రాయుట వేరు. రెండవదానిని సేవ యనుట కష్టమే.

ఏ పని చేయబోయి, ఏ వెర్షనులో, ఏ వాక్యముకడ ఆగిపోయెనో రెండు పంక్తులలో తెలిపి సవరణ పంపినవాని మాటను నిర్వాహకుడు త్వరగా తూచగలడు. ఒకవేళ అతని పదములు నచ్చక త్రోసివేసినను, ఆ నాలుగవ మెట్టు లేదన్న సంగతి మాత్రము అతనికి తెలిసియుండును.