ఒకే ఇంటిపేరు, వేరే నెత్తురు

మారేడుమిల్లి ఘాట్ దిగి చింతూరు వైపు పోయినా, ఇటు సీలేరు మీదుగా చింతపల్లి, పాడేరు, అరకు దాకా కొండల వెంట సాగినా, పెళ్లి సంబంధం మాట వచ్చిన చోట పెద్దలు ముందు అడిగేది ఇంటిపేరే. ఓలి ఎంత, పిల్లాడు ఏం చదివాడు అన్నవి తర్వాతి సంగతులు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరైతే మాట అక్కడితో ఆగిపోతుంది. వాళ్ల ఊళ్ల మధ్య నాలుగు కొండలు అడ్డమున్నా, ఏడు తరాలు వెనక్కి తవ్వినా చుట్టరికం తేలకపోయినా, వాళ్లు అన్నాచెల్లెళ్లే. అదే అబ్బాయికి సొంత మేనమామ కూతురు మాత్రం వరసైన పిల్ల. తన తల్లి పుట్టిన ఇంట్లోనే పుట్టిన ఆ పిల్లను నిక్షేపంగా చేసుకోవచ్చు. ముఖమైనా ఎరగని, ఏమీ కాని పిల్లను చేసుకోకూడదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న లేస్తుంది. ఇంటిపేరు చెప్పేది నిజమేనా? నిజమైతే అది ఏ తరహా నిజం? వంశం ఎక్కడ మొదలైందో చెప్పే చరిత్రగా చూస్తే ఇంటిపేరు దాదాపు ఎప్పుడూ అబద్ధంగానో సగం నిజంగానో తేలుతుంది. ఎవరితో ఎలా మెలగాలో చెప్పే కట్టుబాటుగా చూస్తే మాత్రం దానికి పూర్తి అర్థం ఉంది. కొండల్లో అది పనిచేసేది ఈ రెండో తీరులోనే అని నా వాదన.

అరకు, పాడేరు వైపు వినిపించే పేర్లతో మొదలుపెట్టవచ్చు. కిల్లో వాళ్లది పులి వంశం, కొర్రా వాళ్లది సూర్య వంశం, వంతాల వాళ్లది నాగు, పాంగి వాళ్లది గద్ద, గొల్లోరి వాళ్లది కోతి. ఈ పేర్లు ఏ ఒక్క తెగ సొత్తూ కాదు. భగతల్లో, కొండదొరల్లో, వాల్మీకుల్లో, పోర్జల్లో, గదబల్లో ఇవే మళ్లీ మళ్లీ వస్తాయి. సరిహద్దు దాటి ఒడిశాలోని కొరాపుట్ వైపు వెళ్తే గదబల్లో ఖిల్లో, ఖొరా, హంతాల్, గొలొరి అని కొద్దిపాటి యాస మార్పుతో ఎదురవుతాయి. వీళ్లలో కొందరి మాతృభాష ఆస్ట్రో ఆసియాటిక్ కుటుంబానిది, కొందరిది ద్రావిడం, కొందరిది ఒడియాకు దగ్గరైన ఆదివాసీ ఒడియా. పులి వంశం వాళ్లంతా ఒకే తాత సంతతి అయితే ఆ తాత మూడు భాషా కుటుంబాలకు తండ్రి కావాలి. అది కుదరదు. కొండదొరల్లో నాగు, పులి, తాబేలు పేరున్న శాఖలను దక్షిణాది కులాలు, తెగల గురించి రాసిన థర్‌స్టన్ 1909లోనే నమోదు చేశాడు. అప్పటికే ఈ వరస పాతది. పులి వంశం వాళ్లు పులిని చంపకూడదు, నాగ వంశం వాళ్లు పామును కొట్టకూడదు అంటారు. మరి సూర్యుణ్ణి ఎవరు చంపబోయారు? కొర్రా వాళ్లకు ఆ నిషేధం వల్ల నష్టమేమీ లేదు. అయినా కొర్రా, కొర్రా పెళ్లాడరు. అసలు పట్టు జంతువు మీద కాదని, పెళ్లి మీదేనని దీంతోనే తెలుస్తోంది.

మారేడుమిల్లి చుట్టూ ఉన్న కొండరెడ్ల తీరు వేరు. వాళ్ల మాతృభాష తెలుగే. పల్లాల, కత్తుల వంటి వాళ్ల ఇంటిపేర్లు మైదానపు చెవికి కొత్తగా తోచవు. పులీ, సూర్యుడూ వాటిలో వెతికినా దొరకవు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోదావరి ఒడ్డు కొండల్లో తిరిగి 1945లో ప్రచురించిన ‘బైసన్ హిల్స్ రెడ్లు’ పుస్తకంలోనూ ఇంటిపేరు దాటి పెళ్లి చేసుకోవడం అనే నియమం స్పష్టంగా ఉంది. వాళ్ల పొరుగునే ఉన్న కోయలది మరో లెక్క. కోయల ఇంటిపేర్లు చాలా ఉన్నా అవన్నీ మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ కొన్ని గట్ల కింద చేరతాయి. ఒక్కో గట్టుకు తన వేల్పు ఉంటుంది. ఇంటిపేర్లు వేరైనా గట్టు ఒకటైతే అన్నదమ్ములే. ఒక చోట జంతువు, ఒక చోట వట్టి ఇంటిపేరు, ఒక చోట వేల్పూ గట్టూ. గుర్తు ఇన్ని విధాలుగా మారుతున్నా, దాని వెనక ఉన్న ఆజ్ఞ మారలేదు. మారేది పైపూత, మారనిది ముఖ్యం అనుకుంటే, ఇక్కడ ముఖ్యమైనది మూలపురుషుడి కథ కాదు, ఆ ఆజ్ఞే.

ఇంటిపేరు పుట్టుక వెతకడం సరదా పని. నెదర్లాండ్స్ వంటి దేశాల్లో అదొక వ్యాపకం. నెపోలియన్ ఏలుబడిలో 1811లో వచ్చిన శాసనం ప్రకారం అక్కడ ఇంటిపేరు లేనివాళ్లు ఒకటి పెట్టుకుని దఫ్తరులో రాయించుకోవాల్సి వచ్చింది. అందువల్ల చాలా పేర్లకు ఒక తేదీ, ఒక ఊరు, ఒక గుమాస్తా చేతిరాత దొరుకుతాయి. ఏ పేరు దేశంలో ఎంతమందికి ఉందో లెక్కలు కూడా ఉన్నాయి. చాలా కొద్దిమందికే ఉన్న పేరు అపురూప వస్తువులా తోస్తుంది. మన కొండల్లో అలాంటి దఫ్తరు లేదు, కథలున్నాయి. పాడేరు దగ్గర మత్స్యగుండం ఉంది. ఆ మడుగులో చేపలను ఎవరూ పట్టరు, అటుకులో పేలాలో వేసి దండం పెడతారు. ఒడ్డాదిని ఏలిన మత్స్య వంశపు రాజులు శాసనాల్లో కనిపిస్తారు. మత్స్యరాస అనే ఇంటిపేరు ఇప్పటికీ ఏజెన్సీలో ఉంది, రాజకీయాల్లో కూడా వినిపించింది. ఈ మూడింటినీ ఒకే తాడు మీద కట్టాలని ఎవరికైనా చేతులు దురద పెడతాయి. కానీ మత్స్యరాస ఇంట పుట్టినవాడు చేప జోలికి పోకుండా ఉండటానికి ఒడ్డాది రాజుల వంశవృక్షం తేలేదాకా ఆగనక్కరలేదు. ఆ కథ రేపు తప్పని రుజువైనా మడుగులో చేపలకొచ్చే ముప్పు ఏమీ లేదు.

నా వాదనకు మొదటి అభ్యంతరం వైద్యం చదివినవాళ్ల నుంచి వస్తుంది. దగ్గరి రక్తంలో పెళ్లిళ్లు చేసుకుంటే జబ్బులు వస్తాయని పెద్దలు అనుభవంతో తెలుసుకున్నారని, దాన్ని పామూ పులీ కథగా చెప్పారని వాళ్ల మాట. వినడానికి ఇది పెద్దలను గౌరవించినట్టే ఉంటుంది. కానీ మేనరికం దీన్ని నిలవనివ్వదు. మేనమామ కూతురికీ మేనల్లుడికీ జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడి. ఎక్కడో మరో మండలంలో ఉన్న అదే ఇంటిపేరు పిల్లతో ఆ ఉమ్మడి దాదాపు సున్నా కావచ్చు. రక్తం దగ్గర కాకూడదన్నదే నియమం ఉద్దేశమైతే అది మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని వదిలేయాలి. అది చేసేది సరిగ్గా తలకిందులు. కాబట్టి ఈ నియమానికి రక్తం కారణం కాదు. మన ఋషుల గోత్రాలకూ ఇదే వర్తిస్తుంది. తండ్రి గోత్రం మాత్రమే లెక్కకు వచ్చే చోట తల్లివైపు నుంచి వచ్చిన సగం రక్తం ఏమైనట్టు? చట్టం ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. సగోత్ర వివాహం చెల్లుతుందని 1946లోనే చట్టం వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం సపిండుల (దగ్గరి రక్తబంధువుల) మధ్య పెళ్లిని ఆపింది గానీ గోత్రాన్ని పట్టించుకోలేదు. షెడ్యూల్డ్ తెగలకైతే ఆ చట్టమే వర్తించదు, వాళ్ల ఆచారమే వాళ్ల చట్టం.

ఎంతమందికి ఏ పేరుంది అన్నది కూడా ఇక్కడ వట్టి గణాంకం కాదు. ఇంగ్లండులో పెద్ద ఇళ్ల పేర్లు ఎందుకు అంతరిస్తున్నాయని గాల్టన్ 1873లో ఒక ప్రశ్న వేశాడు. మరుసటి ఏడాది గణితజ్ఞుడు వాట్సన్‌తో కలిసి లెక్క కట్టాడు. కొడుకుల ద్వారానే పేరు సాగే చోట, ఒక తరంలో కూతుళ్లే పుట్టినా, కొడుకులు చిన్నప్పుడే పోయినా ఆ పేరు అక్కడితో ఆగుతుంది. ఎవరి పాపమూ లేకుండానే కొన్ని పేర్లు తుడిచిపెట్టుకుపోతాయి, కొన్ని ఊరంతా అల్లుకుంటాయి. అన్ని పేర్లూ చివరికి పోతాయని వాట్సన్ తేల్చడం పొరపాటని తర్వాత తెలిసింది గానీ, చిన్న జనాభాలో పేర్లు తగ్గుతాయన్నది నిలిచింది. పదిహేను ఇళ్ల కొండరెడ్ల గూడెంలో దీని బరువు ఎంతో ఊహించండి. పది ఇళ్లదీ ఒకే ఇంటిపేరైతే కుర్రాడికి పిల్ల కోసం వాగులు దాటాలి. పక్క గూడెంలో ఉన్న అరుదైన పేరు అంతరిస్తే ఒక కుటుంబం పోవడమే కాదు, పిల్లనిచ్చే ఒక గుమ్మం మూసుకుపోతుంది. దక్షిణ కొరియాలో ఇదే చిక్కు దేశమంత పెద్దదయింది. గిమ్‌హే కిమ్ వంశం వాళ్లే నలభై లక్షలకు పైగా ఉన్నారు. ఆ నలభై లక్షల మందీ ఒకరికొకరు తోబుట్టువులన్నట్టు పెళ్లిని నిషేధించిన చట్టాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1997లో రాజ్యాంగానికి పొసగదని తేల్చింది. అక్కడ కట్టుబాటును మోసింది చట్టమూ రిజిస్ట్రారూ. ఇక్కడ మోసేది కులపెద్దా బంధువులూ. ఆ తేడా చిన్నది కాదు, దాని దగ్గరికి వస్తాను.

ఇక రెండో అభ్యంతరం తాత్త్వికమైనది, గట్టిది కూడా. రక్తం లేదు, చరిత్ర లేదు అంటే మిగిలింది ఉత్త పేరే కదా, ఉత్త పేరు మనిషిని ఎలా కట్టిపడేస్తుంది అన్నది ఆ ప్రశ్న. నాగసేనుడనేది పిలుపు మాత్రమేనని, దాని వెనక ఏ ఆత్మా దొరకదని బౌద్ధ భిక్షువు నాగసేనుడే మిళింద రాజు ముందు వాదించాడు. ఆ వాదం సరైనదే అనుకుందాం. అయినా నాగసేనుడు భిక్షువుగా పట్టిన నియమాలు ఆ పిలుపుతో పాటు ఆవిరైపోలేదు. వెనక వస్తువు లేకపోయినా మాట కట్టగలదు. పెళ్లి ప్రమాణం కట్టడం లేదా, పత్రం మీద సంతకం కట్టడం లేదా? ఛాందోగ్య ఉపనిషత్తులో సత్యకామ జాబాలుడిది మరో కోణం. గోత్రం తెలియదని తల్లి చెప్పిన మాటను అతడు దాచకుండా గురువు ముందు పెట్టాడు. గౌతముడు అతణ్ణి చేర్చుకున్నాడు. ఇలా మాట్లాడేవాడు బ్రాహ్మణుడే అయి ఉంటాడని గురువు అనుకున్నాడు కనుక అక్కడా చివరికి పుట్టుకే గెలిచిందని కొందరంటారు. అది న్యాయమైన మాటే. కానీ ఆయన ముందున్న సాక్ష్యం ఒక్కటే, కుర్రాడి నడత. పుట్టుకను నడతతో రుజువు చేయవలసి వచ్చిందంటే, పైకి ఏం చెప్పినా తూకంలో పడింది నడతే.

ప్రభుత్వం మాత్రం ఇంటిపేరును ఇంకా మొదటి తీరులోనే, పుట్టుకకు రుజువుగానే చదువుతోంది. మారేడుమిల్లిలో మగవాళ్ల పేరు చివర ఉండే రెడ్డి, మైదానంలో భూములున్న రెడ్డి పేరు చివరా ఉంటుంది. కాగితం మీద తేడా కనపడదు. కొండరెడ్డి అన్న ధ్రువపత్రం మైదానపు రెడ్లకు కూడా దొరుకుతోందన్న ఫిర్యాదు పాతదే. తమిళనాడులోనూ కొండరెడ్డి పత్రాల మీద మద్రాసు హైకోర్టులో ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. ఇలాంటి తగవుల కోసమే 1994లో మాధురి పాటిల్ కేసులో సుప్రీంకోర్టు విచారణ పద్ధతి ఒకటి చెప్పింది. వేల్పు ఎవరు, పెళ్లి ఎలా చేస్తారు, చావు కర్మ ఎలా జరుపుతారు అని అడిగి చూడాలంది. నా దృష్టిలో కోర్టు తనకు తెలిసో తెలియకో కొండ తర్కానికి దగ్గరగా వచ్చింది. అయితే 2023లో అదే కోర్టు, ఆచారాల పరీక్ష ఒక్కటే గీటురాయి కాదంది. అదీ సబబే. హాస్టల్లో చదివి విశాఖలో ఉద్యోగం చేసే కొండరెడ్డి పిల్లకు మామిడి కొత్త పండుగ ఎలా చేస్తారో నోటికి రాకపోవచ్చు. అంతమాత్రాన ఆమె హక్కు పోకూడదు. హక్కు ఇచ్చేటప్పుడు పుట్టుకే చూడాలి, ఎందుకంటే పూర్వం జరిగిన అన్యాయం పుట్టుకను చూసే జరిగింది. ఇంటిపేరు ఎవరినైనా కట్టిపడేసేటప్పుడు మాత్రం నడతనే చూడాలి. ఈ రెండు పనులనూ ఒకే పేరు మీద మోపడం వల్లే ఇంత గజిబిజి.

అన్నిటికంటే కష్టమైనది మూడో అభ్యంతరం. ప్రమాణమంటే మనిషి తానుగా చేసేది. ఇంటిపేరు ఎవరూ ఎంచుకోరు. ఎంచుకోని ప్రమాణం కట్టిపడేస్తుందా? పైగా దాని బరువు ఎక్కువగా మోసేది ఆడపిల్ల. పుట్టింటి పేరు ఎవరిని చేసుకోకూడదో చెబుతుంది, పెళ్లయ్యాక ఆ పేరునే వదలమంటారు. దీనికి ఋణత్రయం సిద్ధాంతం ఒక జవాబు ఇస్తుంది: దేవతలకూ ఋషులకూ పితరులకూ మనిషి పుడుతూనే బాకీ పడతాడు. కొండల్లో కొత్త పంట తినేముందు పెద్దలకు పెట్టడం కూడా ఆ బాకీ తీర్చడం లాంటిదే. మామిడి కొత్త కాకుండా కాయ కోసి నోట్లో పెట్టుకోరు. అడగకుండా వచ్చిన బాకీ కూడా బాకీయే, దాన్ని తోసేయలేను. కానీ బాకీకి హద్దుంటుంది. బాకీ తీర్చలేనివాడి దగ్గర వస్తువు జప్తు చేయవచ్చు, ప్రాణం తీయకూడదు. ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లి చేసుకుంటే కొండ కులపంచాయితీలు పూర్వం నుంచీ వాడే మాట తప్పు. ఆ తప్పు కడతారు, అంటే జరిమానా ఇచ్చి కులానికి భోజనం పెట్టి మళ్లీ కలుస్తారు. యుక్తవయసు వచ్చిన ఇద్దరి పెళ్లికి అడ్డుపడే ఏ సభకూ చట్టబద్ధత లేదని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, ఆ జరిమానా కూడా ఇప్పుడు వాళ్లు ఇష్టపడి ఇస్తేనే చెల్లుతుంది. ఇవ్వనన్నవాళ్లను ఊరు ఏం చేయగలదు? కొత్త పండుగకు పిలవకపోవచ్చు, వాళ్ల పిల్లల సంబంధాలకు వరస చూడనని అనవచ్చు. అంతకుమించి చేయకూడదు. వాళ్ల ధ్రువపత్రం, భూమి, అటవీ హక్కుల పట్టా వాళ్ల దగ్గరే ఉండాలి, ఎందుకంటే అవి ఊరు ఇచ్చినవి కావు, ఇంటిపేరు ఇచ్చినవీ కావు.