నాన్నా, మరి మనమో?



మన కతోలిక కుటుంబాల్లో పరిశుద్ధ గ్రంథం లేని ఇల్లు అరుదు. తిరుహృదయ పటం కింద, జపమాల పక్కన, గుడ్డ పరచిన బల్లమీద భద్రంగా ఉంటుంది. అయితే ఇళ్ల ఆశీర్వాదానికి వచ్చినప్పుడు, "పిల్లలతో కలిసి చదువుతున్నారా?" అని అడిగితే చాలామంది నేలచూపులు చూస్తారు. "మేమేం చదువుకున్నాం ఫాదర్‌గారూ? సిస్టరమ్మలు నేర్పుతున్నారుగా, ఉపదేశిగారున్నారుగా" అంటారు.

చదువు లేకపోవడమే అసలు అడ్డంకి అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒక తండ్రి నా కళ్లు తెరిపించాడు. పేరు చెప్పకుండా రాయమని ఆయనే అన్నాడు గనుక రాస్తున్నాను.

తపస్సుకాలంలో నా ప్రసంగం విని, రాత్రి భోజనాలయ్యాక పిల్లలతో మత్తయి సువిశేషం చదవడం మొదలుపెట్టాడు. నాలుగో రోజున 5వ అధ్యాయం వచ్చింది. పీఠం వద్దకు కానుక తెచ్చినవాడు, సోదరునికి తనమీద మనస్తాపం ఉన్నదని గుర్తుకొస్తే, కానుకను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలని ప్రభువు చెప్పిన చోటు. నాలుగో తరగతి చదివే కొడుకు ఆ వచనాలు చదివి, తలెత్తి అడిగాడు: "నాన్నా, మరి మనం పెదనాన్న వాళ్లింటికి ఎందుకు పోవడం లేదు?"

పొలం గట్టు దగ్గర వచ్చిన తగాదా అది. ఆరేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. ఇద్దరూ ఆదివారం పూజకు వస్తారు. ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు. ఇద్దరూ దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు. ఆ తండ్రి ఏం చెప్పాలో తోచక, "పెద్దవాళ్ల సంగతులు నీకెందుకు?" అని కసిరి గ్రంథం మూసేశాడు. మరునాడు తెరవలేదు. ఆ మరునాడూ తెరవలేదు.

"వాడికి నేర్పుదామని కూర్చున్నాను ఫాదర్‌గారూ. వాడే నాకు పాఠం చెప్పాడు. అందుకే భయమేసింది" అన్నాడాయన.

ప్రియమైన వారలారా, మన ఇళ్లలో గ్రంథం మూతపడి ఉండటానికి కారణం ఈ భయమే కాదా? మనకు చదవడం రాక కాదు. చదివితే పిల్లలు మనవైపు చూస్తారని.

అయితే ఒక సంగతి గమనించండి. పిల్లవాడు ప్రశ్న అడుగుతాడని దేవునికి ముందే తెలుసు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం తీసి చూడండి. ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలను బిడ్డలకు చెప్పాలని ఆజ్ఞ. కాని దానికి ముందు మరొక ఆజ్ఞ ఉంది: ఆ మాటలు మొదట నీ హృదయంలో ఉండాలి. వరుస గమనించారా? ముందు తల్లిదండ్రుల గుండె, ఆ తర్వాత బిడ్డల చెవి. అదే అధ్యాయం చివర, ఈ కట్టడల అర్థమేమిటని కొడుకు అడిగితే తండ్రి ఏమని బదులివ్వాలో కూడా ఉంది. పెద్ద సిద్ధాంతం చెప్పమనలేదు. మనం ఐగుప్తులో దాసులం, ప్రభువు మనలను విడిపించాడు అని తన కథే చెప్పమన్నాడు.

యేసు ప్రభువు నజరేతులో పెరిగింది ఇలాంటి ఆచారమున్న ప్రజల మధ్యే. మరియతల్లి, పునీత జోజప్పగారు ఆయనను అలాగే పెంచి ఉంటారు. ఎడారిలో సైతాను మూడుమార్లు శోధించినప్పుడు, ప్రభువు మూడుమార్లూ ద్వితీయోపదేశకాండము మాటలతోనే జవాబిచ్చాడు. అక్కడ గ్రంథం చేతిలో లేదు, హృదయంలో ఉంది. రేపు మన బిడ్డలు హాస్టలుకో, నగరానికో, విదేశానికో పోతారు. శోధన వచ్చిన వేళ మనం పక్కన ఉండం. వారి లోపల ఏ మాట ఉంటుంది?

పునీత జెరోముగారు సుమారు 1600 ఏళ్ల క్రితం రోము నగరంలోని లేత అనే తల్లికి, ఆమె చిన్నకూతురు పౌలాను ఎలా పెంచాలో చెబుతూ ఒక జాబు రాశారు. చెక్కతోగాని దంతంతోగాని అక్షరాలు చేయించి ఆటలాగా నేర్పమన్నారు. తోటిపిల్లలతో కలిపి చదివించమన్నారు. వెనుకబడితే తిట్టవద్దు, మెచ్చుకొని ముందుకు నడపమన్నారు. ముందు కీర్తనలు, ఆ తర్వాత సామెతలు, యోబు, పిమ్మట సువిశేషాలు అని వరుస కూడా చెప్పారు. అన్యమతస్థుడైన తాతగారి ఒడిలోకి ఎక్కి, ఆయనకు ఇష్టం లేకపోయినా ఆ పాప అల్లెలూయా పాడాలని ముచ్చటగా రాశారు. వీటన్నిటికంటే బరువైన మాట ఒకటుంది: అమ్మానాన్నలను అనుసరిస్తే పాపంలో పడేలాంటిది ఏదీ బిడ్డ వారిలో చూడకూడదట.

రెండవ వాటికన్ మహాసభ కూడా 1964లో కుటుంబాన్ని గృహ శ్రీసభ అని పిలిచి, బిడ్డలకు విశ్వాసాన్ని మొదట ప్రకటించవలసినది తల్లిదండ్రులే అని బోధించింది. గురువులు, మఠకన్యలు, ఉపదేశులు మీకు తోడే గాని మీ బదులు కారు.

కనుక ఇలా ప్రారంభించండి. రాత్రి భోజనాలయ్యాక టీవీ, సెల్‌ఫోన్లు కట్టేసి పది నిమిషాలు కూర్చోండి. వచ్చే ఆదివారపు సువిశేషం తీసుకోండి. మీకు చదవడం రాకపోతే బిడ్డే చదువుతాడు. నానమ్మ, అమ్మమ్మలు వింటారు. తిమోతి విశ్వాసం మొదట అతని అమ్మమ్మలో, తల్లిలో ఉన్నదని పునీత పౌలుగారు రాయలేదా? కాసేపు మౌనంగా ఉండి, మనసుకు తగిలిన మాట ఒక్కటి తలా ఒకరు చెప్పండి. ఆ వారం చేయవలసిన పని ఒకటి అనుకోండి. పరలోక జపంతో ముగించండి.

బిడ్డ ప్రశ్న అడిగితే కసరవద్దు. అర్థం తెలియకపోతే "నాకు తెలియదు, ఆదివారం ఫాదర్‌గారిని అడుగుదాం" అనండి. శ్రీసభ ఉన్నది అందుకే. ఆ ప్రశ్న మీ తప్పునే ఎత్తిచూపితే, "నిజమే బాబూ, నేను మారాలి. నాకోసం ప్రార్థించు" అనండి. యేసును అనుసరించడమంటే ఏమిటో ఆ రాత్రి నేర్చుకున్నంతగా వాడు మరెక్కడా నేర్చుకోడు.

ఆ తండ్రి సంగతి చెప్పి ముగిస్తాను. మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం, కొడుకు చెయ్యి పట్టుకొని అన్నగారి గుమ్మం ఎక్కాడు. వదినగారు మంచినీళ్లిచ్చారు. అన్నదమ్ములు పట్టుమని పది మాటలైనా మాట్లాడుకోలేదు. గట్టు తగాదా ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. కాని ఆ రాత్రి ఇంటికి రాగానే, ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లవాడు బల్లమీది గ్రంథం తెచ్చి నాన్న ముందు పెట్టాడట.

మీ ఇంట కూడా ఆ గ్రంథం బల్ల దిగి, మీ మధ్యకు వచ్చునుగాక. తిరుకుటుంబపు ప్రార్థన సహాయంతో ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను దీవించునుగాక. ఆమెన్.