కడలమ్మ ధర్మం

కేరళ తీరంలోని మత్స్యకారుల నమ్మకంగా తకళి శివశంకర పిళ్ల ‘చెమ్మీన్’ (1956) నవల ఒక మాట చెబుతుంది: వేటకు వెళ్లిన భర్త ప్రాణం ఒడ్డున ఉన్న భార్య శీలం మీద ఆధారపడి ఉంటుంది, ఆమె దారి తప్పితే సముద్రతల్లి కడలమ్మ అతణ్ణి మింగేస్తుంది. ఈ నమ్మకం నవలలో చూపినంతగా తీరమంతా ఉండేదా అన్నది వేరే చర్చ.

కర్మ సిద్ధాంతంతో ఇది పొసగదు. చేసిన కర్మ ఫలం ఇవ్వకపోవడం కృతనాశం. చేయని కర్మకు ఫలం అనుభవించడం అకృతాభ్యాగమం. ఈ రెంటినీ మన దర్శనకారులు దోషాలుగానే ఎంచారు. భార్య తప్పుకు భర్త మునిగిపోవడం రెండో దోషమే. సావిత్రి కథలో పాతివ్రత్యం భర్తను బతికిస్తుంది, నిజమే. కానీ కాపాడే శక్తిని ఒకరికి ఆపాదించడం వేరు, చావుకు వాళ్లనే బాధ్యుల్ని చేయడం వేరు. తుపానుకూ సుడిగుండానికీ కారణం వెతకలేని భయం, ఎదురు చెప్పలేని మనిషి మీద నేరం మోపింది.

ఇంతా చేసి, ఒడ్డున ఆ భార్య చేసేది శీల రక్షణ ఒక్కటే కాదు. పడవ చేరగానే వేలంపాటలో చేపలు కొంటుంది, అల్యూమినియం గిన్నెలోకి ఎత్తుకుని ఊరూరా అమ్ముతుంది, మిగిలినవి ఉప్పేసి ఎండబెడుతుంది. తిరువనంతపురం వైపు ఈ స్త్రీలను వాసన పేరుతో బస్సులు ఎక్కనివ్వకపోతే, పోరాడి ప్రత్యేక బస్సు సాధించుకున్నారు. సముద్రం మీది చావుకు ఆమెను బాధ్యురాలిని చేసిన సమాజం, సముద్రం ఇచ్చిన సంపాదనలో ఆమె పనిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. చేపలు ఎండబెట్టడం, అమ్మడం కూడా మత్స్య వృత్తిలో భాగమేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చిన్నతరహా చేపల వేటపై 2014లో ఆమోదించిన మార్గదర్శకాలు గుర్తించాయి.