ఆ డేరా ఎవరిది?



పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్లలో వినబడే మొదటి ప్రశ్న "నీకెన్ని మార్కులు?" అన్నది. రెండవది "పక్కింటి అబ్బాయికి ఎన్ని?" అన్నది. మూడవ ప్రశ్న ఉండదు. ఈ రెండు ప్రశ్నల మధ్య పెరిగిన పిల్లలు పదిమందితో కలిసి ఒక పని చేస్తే, ఆ పని ఎవరిదని చెప్పాలి?

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరపు ఉత్తర భాగంలో శాన్ ఫెర్నాండో హైస్కూలు ఉంది. అక్కడి పిల్లల్లో చాలామంది మెక్సికో మొదలైన దేశాల నుండి పొట్ట చేతబట్టుకొని వలస వచ్చిన కుటుంబాలవారు. తమ వీధుల్లో ఇల్లు లేక బయట పడుకునేవారు నానాటికీ పెరగడం ఆ స్కూలు ఆడపిల్లలు చూశారు. ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. 12 మంది బాలికలు జట్టుగా కూడి ఒక డేరా చేయాలనుకున్నారు. ఎమ్.ఐ.టి. విద్యాసంస్థ నడిపే లెమెల్సన్ కార్యక్రమం వారికి 10,000 డాలర్లు ఇచ్చింది. అంతకుముందు వారిలో ఎవరూ ఇంజనీరింగు పని చేతితో చేసినవారు కారు. కుట్టడం, వైర్లు అతకడం అన్నీ ఒకరికొకరు చెప్పుకుంటూ, సెలవుల్లో కూడా వచ్చి నేర్చుకున్నారు. డేరాపై సూర్యరశ్మితో పనిచేసే పలకలు, లోపల దీపం. మడిస్తే చక్రాల సంచీలా లాక్కుపోవచ్చు. 2017 జూన్ నెలలో దానిని ఎమ్.ఐ.టి.లో ప్రదర్శించారు.

ఈ సంగతి తెలిసినప్పుడు నా మనసు అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం మీదికి పోయింది. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి వచ్చిన అకుల, ప్రిస్కిల్ల కొరింథులో కాపురం పెట్టారు. పౌలు వారి ఇంట ఉండి వారితో కలిసి పనిచేశాడు. ఆ పని కూడా డేరాలు కుట్టడమే! ముగ్గురూ ఆ ఊరికి పరాయివారే. వారు కుట్టిన డేరాలలో ఏది పౌలుది, ఏది ప్రిస్కిల్లది అని లూకా వ్రాయలేదు. కొన్నవాడికీ అది అవసరమై ఉండదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారెవరైనా ఇది అడుగుతారు. పన్నెండుగురిలో ఎనిమిదిమంది కష్టపడి, నలుగురు ఊరకే కూర్చుంటే అందరికీ ఒకే మెప్పు న్యాయమా? ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. "అందరిదీ" అనే మాట చాటున సోమరి దాక్కుంటాడు. మన సంఘ కమిటీలలో ఇది చూడనివారు ఎవరు?

నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయం చదవండి. చాలామంది పేర్ల జాబితా అని దాటిపోతారు గాని, ఈ చిక్కుకు అందులో జవాబు ఉంది. యెరూషలేము గోడ ఒక్కటే. కాని ఏ భాగం ఎవరు బాగుచేశారో పేరుపేరునా వ్రాసి ఉంది. యాజకులున్నారు, బంగారపు పనివారున్నారు, వర్తకులున్నారు. 12వ వచనంలో షల్లూముతో పాటు అతని కుమార్తెలు కూడా ఉన్నారు. (స్త్రీలకు ఈ పనులెందుకు అనేవారు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలి.) 5వ వచనంలో తెకోవీయుల పెద్దలు పనికి మెడ వంచలేదన్నది కూడా దాచకుండా వ్రాశారు.

నాకు తోచినది ఇది. జట్టు పనిలో "నాది" అనే మాట పోదు, దాని చోటు మారుతుంది. వర్షానికి డేరా కుట్టు ఊడితే "ఈ కుట్టు నాది" అని కుట్టిన పిల్ల ముందుకు రావాలి. బహుమతి వచ్చినప్పుడు మాత్రం "మాది" అనాలి. మనం సాధారణంగా దీనికి తలక్రిందులుగా చేస్తాము.

మన చరిత్రలోనే చూడండి. 1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని చూపించారు. ఆయన పేరు మనకందరికీ తెలుసు, తెలియవలసిందే. పలుగు, పార పట్టి తవ్వినవారు, మట్టి మోసిన తల్లులు మన పూర్వికులు. వారి పేర్లు ఎన్ని చెప్పగలము?

ఇంకొక ఆక్షేపణ ఉంది. ఇల్లు లేనివానికి కావలసింది ఇల్లు గాని డేరా కాదు గదా, పిల్లలు డేరా ఇచ్చారని పెద్దలు చేతులు దులుపుకుంటే ఎలా? ఇది నిజమే. కాని ఆ తప్పు పెద్దలది. పదహారేళ్ల పిల్ల ఇల్లు కట్టించలేదు. ఈ రాత్రి చలి ఆపే పని చేయగలదు, చేసింది.

మన దేశంలో 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద 10,000కు పైగా పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పడ్డాయి. 6 నుండి 12వ తరగతి పిల్లలు అక్కడ పనిముట్లు పట్టి స్వయంగా చేసి చూడవచ్చు. మీ పిల్లల స్కూలులో ఉన్నదేమో విచారించండి. బళ్లారిలోనైనా బరంపురంలోనైనా మన పిల్లవాడు అక్కడ ఒక కన్నడ పిల్లతోనో ఒడియా పిల్లవాడితోనో ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వస్తుంది. ర్యాంకు కోసం చదివేటప్పుడు అవతలివాని భాష రాకపోయినా గడుస్తుంది. ఒకే తీగకు రెండు కొసలు పట్టుకున్నప్పుడు గడవదు.

సంఘ వార్షికోత్సవంలో మొదటి ర్యాంకు వచ్చిన బిడ్డకు బహుమతి ఇస్తున్నాము. దానిని మానమనను. దానితో పాటు మన యౌవనస్థులను నలుగురైదుగురు చొప్పున జట్లు చేసి, మన పేటలో ఒక కష్టం వెదకి దానికి ఉపాయం చేయమని అడుగుదాము. చర్చి మెట్లు ఎక్కలేని వృద్ధులున్నారు. వేసవిలో నీరు రాని వీధులున్నాయి. ఆరు నెలలు గడువు ఇవ్వండి. చేసి చూపిన రోజున ఎవరే భాగం చేశారో పిల్లలచేతనే ఒక కాగితం మీద వ్రాయించి, సంఘము ఎదుట పైకి చదివించండి.